గేటు లోపల మరో ప్రార్థన

ఇంట్లో ఒక దేవుడు, బడిలో ఒక దేవుడు. కఠినమైన క్రమశిక్షణకు పేరుపడ్డ క్రైస్తవ పాఠశాలల్లో చదివే హిందూ, ముస్లిం పిల్లలు రోజూ ఈ రెండు లోకాల మధ్య తిరుగుతుంటారు. ఆ చదువులో వాళ్లకు దొరికేదేమిటి, బరువయ్యేదేమిటి? రాజ్యాంగం ఏమంటోంది? బడి, ఇల్లు చేయాల్సిందేమిటి?

ఉదయం రెండో గంట మోగేసరికి గ్రౌండ్‌లో తరగతికో వరస. ముందు పొట్టివాళ్లు, వెనక పొడుగువాళ్లు. గోళ్లు చూసే టీచర్ ఒకరు, బూట్ల పాలిష్ చూసే టీచర్ ఒకరు. సిస్టర్ మైకు ముందుకు రాగానే వందల చేతులు నుదుటికి, గుండెకు, రెండు భుజాలకు వెళ్తాయి. ఆ వెంటనే అన్ని గొంతులూ కలిపి పరలోక ప్రార్థన. అంతా అయ్యాక తరగతిలో టీచర్ హాజరుపట్టీ తెరిస్తే వినిపించే పేర్లలో లక్ష్మి, సాయి, వెంకటేశ్, ఆయేషా, ఇమ్రాన్‌లే ఎక్కువ. మేరీలూ జోసెఫ్‌లూ కొందరే.

ఇది ఏ ఒక్క బడి ముచ్చటో కాదు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2021లో మైనారిటీ విద్యాసంస్థలపై విడుదల చేసిన నివేదిక ప్రకారం దేశంలోని క్రైస్తవ పాఠశాలల్లో చదివేవారిలో దాదాపు 74 శాతం క్రైస్తవేతరులు. ఇంచుమించు నలుగురిలో ముగ్గురన్నమాట. తెలుగు నగరాల్లో ఈ బడుల వయసు కూడా చిన్నది కాదు. హైదరాబాద్‌లో సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్ 1834 నాటిది, ఆల్ సెయింట్స్ 1855 నాటిది. విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ 1847లోనూ, సికింద్రాబాద్‌లో సెయింట్ ఆన్స్ 1871లోనూ మొదలయ్యాయి. మన మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ ఆల్ సెయింట్స్ మైదానంలో ఆడి పెరిగినవాడు. వీవీఎస్ లక్ష్మణ్ లిటిల్ ఫ్లవర్ విద్యార్థి. తెర మీద రాముడిగా, కృష్ణుడిగా కనబడి జనంచేత హారతులు పట్టించుకున్న ఎన్టీఆర్ బీఏ పట్టా అందుకున్నది గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కళాశాలలో. శ్రీమద్రామాయణ కల్పవృక్షం రాసిన విశ్వనాథ సత్యనారాయణ కొంతకాలం తెలుగు పాఠం చెప్పిందీ అక్కడే.

ఇంత పాత అనుబంధం గురించి మనం మాట్లాడుకునే మాటలు మాత్రం రెండే. ‘అక్కడైతే డిసిప్లిన్ బాగుంటుంది’ అనేది ఒకటి. ‘అక్కడ చేరిస్తే మతం మార్చేస్తారు’ అనేది రెండోది. మొదటి మాట చెప్పేవారు పిల్లల మనసులోకి తొంగి చూడరు. రెండోమాట చెప్పేవారు ఆ బడి గేటు లోపలికి తొంగి చూడరు. ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా ఆ వరసలో నిలబడే పిల్లల అనుభవం ఈ రెండు మాటల్లో ఏ ఒక్కదానిలోనూ ఇమడదు.

రోజుకు నాలుగు ప్రార్థనలు

నేను చదివింది కోస్తాలో ఒక చిన్న పట్టణపు కాన్వెంటులో. అసెంబ్లీ ప్రార్థనతో రోజు మొదలయ్యేది. మధ్యాహ్నం గంట కొట్టాక అన్నం క్యారియర్ మూత తీసేముందు ఒకటి, భోజనాలయ్యాక తరగతి మొదలుపెట్టేటప్పుడు ఒకటి, సాయంత్రం సంచి సర్దుకున్నాక మరొకటి. నెలలో మొదటి శుక్రవారం చాపెల్లో పూజ. అక్టోబరు నెలంతా జపమాల. డిసెంబరు రాగానే గడ్డితో పశువుల పాక కట్టడం, రంగు కాగితాల నక్షత్రాలు వేలాడదీయడం, క్యారల్స్ సాధన. దసరా, సంక్రాంతి సెలవులు ఎలాగూ ఇంట్లోవే కనుక, బడిలో మేం చూసిన పెద్ద పండుగ క్రిస్మసే.

వారానికి రెండుసార్లు తరగతి రెండుగా చీలేది. క్యాథలిక్ పిల్లలు తమ మతపాఠమైన క్యాటకిజానికి వెళ్లేవారు. మిగతావాళ్లం మోరల్ సైన్స్‌కు కూర్చునేవాళ్లం. ఆ ‘మిగతావాళ్ల’లో హిందువులం, ముస్లింలమే కాదు, లూథరన్ సంఘం పిల్లలూ, బాప్టిస్టుల పిల్లలూ, పెంతెకోస్తు పాస్టర్ గారి అమ్మాయీ ఉండేవాళ్లు. మేరీమాత విగ్రహం ముందు తల వంచడానికి ఆ పాస్టర్ గారి అమ్మాయికి మాకన్నా ఎక్కువ ఇబ్బంది. క్యాథలిక్ బడిలో పెంతెకోస్తు పిల్ల పడే అవస్థ చూసినవారికి ఒక సంగతి అర్థమవుతుంది. బడి మతానికీ ఇంటి మతానికీ తేడా వచ్చినప్పుడల్లా ఈ చిక్కు పుడుతుంది. ఇది హిందువులకూ క్రైస్తవులకూ మధ్య తగువు మాత్రమే కాదు.

ముస్లిం పిల్లల అనుభవం మరో తీరు. ఈసా (యేసు) అలైహిస్సలాం వాళ్లకు గౌరవనీయుడైన ప్రవక్త. ఖురాన్‌లో 19వ సూరా పేరే మర్యమ్. కనుక క్రిస్మస్ నాటకంలో బాల యేసు, మరియమ్మ కథ వాళ్లకు పరాయిది కాదు. యేసును దేవుని కుమారుడిగా కీర్తించే పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంట్లో నేర్పింది గొంతుకు అడ్డుపడుతుంది. ఆ ఒక్క చరణం దగ్గర పెదవులు కదిపీ కదపకుండా నిలబడటం పదేళ్ల పిల్లలు తమంతట తాము నేర్చుకునే విద్య. దాన్ని ఏ టీచరూ నేర్పదు, ఏ తల్లీ చూడదు.

ఆ బడి ఇచ్చింది

ఈ బడుల్లో చదివినవాళ్లు పెద్దయ్యాక ముందుగా ఇంగ్లిష్ గురించీ, చేతిరాత గురించీ, వేళ తప్పని అలవాటు గురించీ చెబుతారు. అవన్నీ నిజమే. నాకు మాత్రం అంతకన్నా పెద్దదిగా కనిపించేది వేరే ఉంది. ఎనభైల్లో, తొంభైల్లో ఒక చిన్న పట్టణంలో పెరిగే ఆడపిల్లకు పెత్తనం చేసే ఆడవాళ్లు ఎక్కడ కనబడతారు? ఇంట్లో నాన్న మాట, వీధిలో పెద్దమనుషుల మాట, ఆఫీసులో అధికారి మాట. కాన్వెంటులో మాత్రం లెక్కల పుస్తకం చూసేదీ సిస్టరే. జీపు నడిపేదీ, మోటారు చెడితే మెకానిక్‌ను పిలిపించి దగ్గరుండి బాగు చేయించేదీ సిస్టరే. కాంట్రాక్టరుతో బేరమాడేదీ, ఎంఈఓ వస్తే ఎదురు కూర్చుని మాట్లాడేదీ సిస్టరే. పెళ్లి, పిల్లలు లేకుండా కూడా ఆడమనిషి జీవితం నిండుగా ఉండొచ్చని మా ఊళ్లో మాకు చూపించింది వాళ్లొక్కరే. మతం పుచ్చుకోమని ఎవరూ చెప్పలేదు గానీ, ఆ ధైర్యం మాత్రం మాలో చాలామందిమి పుచ్చుకున్నాం.

మాకు లెక్కలు చెప్పిన సిస్టర్ కేరళ నుంచి వచ్చారు. తెలుగు పొడిపొడిగా మాట్లాడేవారు. వెనకబడ్డ పిల్లలను సెలవు రోజుల్లో పిలిపించి ఫీజు లేకుండా చెప్పేవారు. వచ్చినవాళ్లలో చర్చికి వెళ్లేవారెవరో, గుడికి వెళ్లేవారెవరో ఆమె ఏనాడూ వాకబు చేయలేదు. తన ఇంటినీ, భాషనూ, కన్నవారినీ వదిలి ఆమె మా ఊరు రావడానికి కారణం ఆమె విశ్వాసమే. మాకు లెక్కలు రావడానికి కారణమూ అదే. ఈ సంగతిని మరిచి ఆ బడుల గురించి ఏం మాట్లాడినా అన్యాయమే అవుతుంది.

ఇంటికొచ్చి నేను కూనిరాగం తీస్తుంటే మా నానమ్మ వినేది.

“ఏం పాటే అది?”

“మేరీమాత పాట నానమ్మా.”

“అమ్మ మీద పాటేగా. పాడుకో. దీపం పెట్టే వేళయింది, కాళ్లు కడుక్కుని రా మరి.”

అంతే. ఆ ఇంట్లో దానికి అంతకుమించిన చర్చ జరగలేదు. రెండు ప్రార్థనలు తెలిసిన పిల్లకు ఏదీ తక్కువ కాలేదు. ఎదుటివారి దేవుణ్ని గౌరవించడం మాకు మోరల్ సైన్స్ పుస్తకం చెప్పిన దానికన్నా ఇలాంటి సాయంత్రాలు ఎక్కువ నేర్పాయి.

గుచ్చుకునేది ఎక్కడ?

అన్నీ ఇంత సాఫీగా సాగిపోవు. మా బడిలో బొట్టు పెట్టుకోకూడదు. పూలు, గాజులు, గోరింటాకు కూడదు. బోసి నుదురు చూస్తే నానమ్మకు ప్రాణం ఒప్పేది కాదు. అందుకని ఇంట్లో పెట్టిన బొట్టు గేటు దగ్గర తీసేసేవాళ్లం, సాయంత్రం మళ్లీ పెట్టుకునేవాళ్లం. మా తరగతి ఆడపిల్లల కంపాస్ బాక్సుల మూత లోపల వరసగా స్టిక్కర్ బొట్లు ఉండేవి. అట్లతద్దికి పెట్టుకున్న గోరింటాకు పండి ఎర్రబడితే, మర్నాడు చేతులు చాపించి స్కేలుతో కొట్టిన రోజులున్నాయి. కొట్టిన టీచర్ దృష్టిలో అది యూనిఫాం నియమం. అమ్మ రాత్రంతా కూర్చుని పెట్టిన గోరింటాకు తప్పెలా అయిందో మాకు తెలిసేది కాదు.

బడి యాజమాన్యాలు చెప్పే కారణంలో నిజం లేకపోలేదు. ధనిక పేద తేడా కనబడకూడదనే నగలు, పూలు, రంగులు వద్దంటారు. ఆ నియమం క్రైస్తవ పిల్లలకూ వర్తిస్తుంది. అయితే తెలుగు నేల మీద బొట్టుకు మరో అర్థం ఉంది. ఇక్కడ చాలా క్రైస్తవ కుటుంబాల్లో ఆడవాళ్లు బొట్టు, పూలు మానేస్తారు. నుదుటిని చూసి మతాన్ని పోల్చుకునే అలవాటు ఊళ్లలో ఉంది. అలాంటి చోట ‘బొట్టు తీసి రా’ అన్న మాట, చెప్పినవారి ఉద్దేశం ఏదైనా, వినేవారి చెవికి మతం మాటగానే వినబడుతుంది. నియమం పెట్టినవారు ఎక్కడి నుంచో వచ్చినవారైతే ఈ సంగతి వాళ్లకు తట్టకపోవచ్చు. చెప్పేవారు ఉండాలి, వినే ఓపిక ఉండాలి.

దీక్షల కాలంలో ఇది మరీ పెద్దదవుతుంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాలలు, ఎండాకాలం మొదట్లో హనుమాన్ దీక్షలు. ఈమధ్య తండ్రులతో పాటు పిల్లలూ మాల వేసుకుంటున్నారు. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లా లక్సెట్టిపేట దగ్గర ఒక క్యాథలిక్ పాఠశాలకు కొందరు విద్యార్థులు హనుమాన్ దీక్ష దుస్తుల్లో వచ్చారు. దాని గురించి మాట్లాడటానికి తల్లిదండ్రులను తీసుకురమ్మని ప్రిన్సిపల్ చెప్పడం వివాదమైంది. గుంపుగా వచ్చినవారు బడి మీద దాడి చేసి అద్దాలు పగలగొట్టారు, మదర్ తెరిసా విగ్రహం మీద రాళ్లు రువ్వారు. యాజమాన్యం మీద కేసు నమోదైంది. ఒక గదిలో కూర్చుని అరగంట మాట్లాడుకుంటే తేలిపోయే విషయం రాళ్ల దాకా వెళ్లింది. మర్నాటి నుంచి ఆ తరగతి గదుల్లో పక్కపక్కన కూర్చోవాల్సింది పిల్లలే.

మా అన్నయ్య నేను చదివిన కాన్వెంటులోనే తొమ్మిదో తరగతిలో ఉండగా మాల వేసుకుంటానన్నాడు. నాన్న ముందుగానే వెళ్లి హెడ్మిస్ట్రెస్‌ను కలిశారు. యూనిఫాం తప్పదు, బూట్లు లేకపోయినా పర్లేదు, మాల చొక్కా లోపల ఉంచుకుంటే చాలన్నారామె. దీక్ష ముగిసేదాకా టీచర్లు అన్నయ్య మీద చెయ్యెత్తలేదు. ఇరుముడి కట్టుకుని శబరిమల వెళ్లడానికి సెలవు చీటీ మీద సంతకం పెట్టిందీ ఆమే. అంతకుముందు గోరింటాకు చేతుల మీద స్కేలు ఆడిన బడే ఇది. రెండింటికీ తేడా ఒక్కటే. ఒకసారి పెద్దలు ముందే మాట్లాడుకున్నారు, మరోసారి మాట్లాడుకోలేదు.

కొన్ని గాయాలకు మాత్రం ఇంత తేలికైన మందు లేదు. తరగతిలో ఎవరో ఒక టీచర్ పాఠం మధ్యలో విగ్రహాల మీద విసిరే మాట అలాంటిది. ‘మీవాళ్లు రాళ్లకు మొక్కుతారు’ అన్న మాట విన్న పిల్ల ఆ సాయంత్రం ఇంటి దేవుడి గది ముందు నిలబడి ఏమనుకోవాలి? బూట్ల పాలిష్ లేనందుకు పడ్డ దెబ్బ నాలుగు రోజుల్లో మరిచిపోవచ్చు. ఇంట్లోవాళ్లు వెర్రివాళ్లన్న భావన మాత్రం పిల్లల్లో చాలాకాలం నిలుస్తుంది. భాష విషయంలోనూ ఇదే జరిగింది. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ఇంగ్లిష్ మీడియం పాఠశాలలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో, ఇక తెలుగు మాట్లాడబోమని రాసిన పలకలు వేలాడదీశారు. రాష్ట్రమంతా భగ్గుమంది. పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్నదాన్ని, అది భాషైనా భక్తైనా, సిగ్గుపడాల్సినదిగా చూపించడం క్రమశిక్షణ కాదు.

మతం మారుస్తారన్న భయం నూట డెబ్బై ఏళ్ల నాటిది

బందరులో చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్ 1843లో ఒక ఇంగ్లిష్ బడి తెరిచాడు. బైబిల్ పాఠం తప్పనిసరి. అయినా పేరున్న కుటుంబాలు పిల్లలను పంపాయి. ఇంగ్లిష్ వస్తే కొలువు వస్తుంది కదా. 1852లో ఆ బడి విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు అట్టుడికిపోయింది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించారు, బడి ఖాళీ అయింది. కొంతకాలానికి మళ్లీ నిండింది. అదే బడి తర్వాత నోబుల్ కళాశాలగా ఎదిగింది. ‘పిల్లలు మారిపోతారేమో’ అన్న భయం, ‘చదువు మాత్రం అక్కడే కావాలి’ అన్న కోరిక తెలుగువారిలో ఆనాటి నుంచీ కలిసే నడుస్తున్నాయి.

ఈ రెండింటినీ తన ఒక్క జీవితంలో తేల్చుకున్న మనిషి సర్వేపల్లి రాధాకృష్ణన్. 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. 1896లో తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో చేరారు. తర్వాత వేలూరులో వూర్హీస్ కళాశాల, ఆపైన మద్రాస్ క్రిస్టియన్ కళాశాల. పన్నెండేళ్ల పాటు ఆయన చదువంతా మిషనరీల దగ్గరే. హిందూ మతం మీద అక్కడ వినబడే విమర్శలు ఆ కుర్రవాణ్ని లోలోపల కలచివేశాయి. తన మతంలో బతికున్నదేమిటో, చచ్చిపోయిందేమిటో తేల్చుకోవాలన్న పట్టుదల అక్కడే పుట్టిందని ఆయనే తర్వాత రాసుకున్నారు. వేదాంతానికి నీతి దృష్టి లేదన్న విమర్శకు జవాబుగా 1908లో ఎంఏ కోసం వేదాంత నీతిశాస్త్రం మీద ప్రబంధం రాశారు. దాన్ని చదివి మెచ్చుకున్నవారిలో ఆయనకు పాఠం చెప్పిన స్కాటిష్ ప్రొఫెసర్ ఎ.జి.హాగ్ ఒకరు.

ఆ కథలో గురువు, శిష్యుడు ఇద్దరూ పెద్దవాళ్లే. తన మతాన్ని ప్రశ్నించిన బడిని శిష్యుడు విడిచిపెట్టలేదు, అక్కడి ప్రశ్నకు అక్కడే జవాబు వెతికాడు. తన నమ్మకానికి ఎదురు వాదించిన శిష్యుణ్ని గురువు తొక్కిపెట్టలేదు, అతని తెలివిని గుర్తించాడు. క్రైస్తవ విద్యాసంస్థ తన పేరుకు తగ్గట్టు ప్రవర్తిస్తే ఎలా ఉంటుందో ఆ 1908 నాటి మద్రాసు తరగతి గది చూపించింది. అందుకే సెప్టెంబరు 5న మనం ఆయన్ను తలుచుకునేటప్పుడు ఆ గురువునూ తలుచుకోవాలి.

అయితే రాధాకృష్ణన్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. తిరిగి వాదించే చదువూ, నోరూ ఉన్నాయి. ఒకటో తరగతి పాపకు అవి ఉండవు. ఆ పాప తరఫున మాట్లాడాల్సింది చట్టం, తల్లిదండ్రులు, బడి.

రాజ్యాంగం ఇచ్చిన రెండు హామీలు

రాజ్యాంగం 30వ అధికరణ మొదటి క్లాజు మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. కనుక క్రైస్తవ బడిలో క్రైస్తవ ప్రార్థన ఉండటం తప్పు కాదు. అది వాళ్ల హక్కు. 28వ అధికరణ మూడో క్లాజు రెండో వైపు నుంచి మాట్లాడుతుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ నిధులు అందుకునే ఏ విద్యాసంస్థలోనైనా చదివేవారిని మతబోధలో పాల్గొనమనిగానీ, ఆరాధనకు హాజరు కమ్మనిగానీ నిర్బంధించరాదు. వారి సమ్మతి, మైనరైతే సంరక్షకుల సమ్మతి ఉండాలి. ఇక్కడ చాలామంది గమనించని విషయం ‘గుర్తింపు’. ఎయిడ్ అందుకోని ప్రైవేటు బడి అయినా, ప్రభుత్వ గుర్తింపు ఉంటే ఈ నియమం దానికీ వర్తిస్తుంది.

రెండో విషయం ‘సమ్మతి’. ఎంత తిరిగినా సీటు దొరకదేమోనన్న ఆత్రంలో ఉన్న తండ్రి, అడ్మిషన్ ఫారం ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో ఏముందో చదవకుండా సంతకం పెడతాడు. 2022లో బెంగళూరులో ఒక క్రైస్తవ పాఠశాల, పిల్లలు బైబిల్ తెచ్చుకోవడానికి తమకు అభ్యంతరం లేదని తల్లిదండ్రుల చేత ఫారంలో రాయించుకోవడం పెద్ద వివాదమైంది. అప్పుడు తేలిన సంగతి ఒక్కటే. సంతకం పెద్దలది, పాటించాల్సింది పిల్లలు. చట్టం సంరక్షకుల సమ్మతి అడిగింది గానీ, పాపను అడగమని ఎవరికీ చెప్పలేదు. ఆ పని ఇంట్లోవాళ్లు తామంతట తామే చేయాలి.

మతాల గురించి చెప్పడం వేరు, మతాన్ని బోధించడం వేరు. అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లో ఈ తేడాను స్పష్టం చేసింది. పిల్లలకు అన్ని మతాల సారాంశం చెప్పడం రాజ్యాంగానికి విరుద్ధం కాదంది. మా మోరల్ సైన్స్ పుస్తకంలో యేసు చెప్పిన మంచి సమరయుని కథ ఉండటం అలాంటిదే. అది ప్రతి పిల్లా వినాల్సిన కథ. ప్రార్థనలో పెదవులు కదపని పిల్లను వరస నుంచి బయటికి లాగడం మాత్రం వేరే కోవలోకి వస్తుంది.

ఈ విషయంలో మనకు దారి చూపే తీర్పు ఒకటుంది. 1985లో కేరళలో ఒక హైస్కూలు ముగ్గురు తోబుట్టువులను బయటికి పంపేసింది. వాళ్లు యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖవారు. జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారు గానీ, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కాదు. ఆ బడిని నడిపింది నాయర్ సర్వీస్ సొసైటీ. అంటే హిందూ సంస్థ బడిలో క్రైస్తవ పిల్లలు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ.చిన్నప్పరెడ్డి, జస్టిస్ ఎం.ఎం.దత్‌ల ధర్మాసనం 1986 ఆగస్టులో పిల్లల పక్షాన తీర్పిచ్చింది. గౌరవంగా నిలబడి, పాడకుండా ఉండటం అగౌరవం కాదని, ఆ పిల్లలను మళ్లీ చేర్చుకోవాలని చెప్పింది.

హిందూ సంస్థ బడిలో క్రైస్తవ పిల్లలకు దక్కిన ఆ గౌరవం క్రైస్తవ బడిలో హిందూ, ముస్లిం పిల్లలకూ దక్కాలి. బడి తన ప్రార్థన తాను చేసుకోవచ్చు. పిల్లలు దాన్ని గౌరవించి నిశ్శబ్దంగా నిలబడాలి. ఆ నిశ్శబ్దాన్ని బడి గౌరవించాలి. నేను ఈ కథనంలో చెప్పదలుచుకున్నది ఇంతే. కఠినంగా ఉండే బడులకు నేను వ్యతిరేకిని కాను. వేళకు రావాలి, హోంవర్క్ చేయాలి, అబద్ధం చెప్పకూడదు అనే కాఠిన్యం నాకు జీవితమంతా అక్కరకొచ్చింది. అయితే ఆ కాఠిన్యం ఆరాధన దగ్గర ఆగాలి.

బడి చేయాల్సింది

కాఠిన్యం ఆరాధన దగ్గర ఆగాలన్న ఈ ఆలోచన క్రైస్తవ సంఘం లోపల నుంచీ వచ్చింది. భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య 2024లో తమ విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇతర మతాల విద్యార్థుల మీద క్రైస్తవ సంప్రదాయాలను రుద్దవద్దని, రోజూ అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలని, వీలైతే అన్ని మతాలవారికీ పనికొచ్చే ప్రార్థన గది ఏర్పాటు చేయాలని సూచించింది. ఆ మాట ప్రతి ఊరి బడికీ చేరితే సగం గొడవలు పుట్టకముందే సద్దుమణుగుతాయి.

దానికి తోడు బడులు మరో రెండు పనులు చేయాలి. ప్రతి నియమానికీ పక్కన కారణం రాయాలి. ‘పూలు వద్దు’ అంటే ఎందుకు వద్దో చెప్పాలి. కారణం చెప్పలేని నియమాన్ని తీసేయాలి. కొత్తగా వచ్చే టీచర్లకు పాఠం చెప్పే పద్ధతితో పాటు పిల్లల ఇళ్లలో జరిగే పండుగలు, ఉపవాసాలు, దీక్షలు ఏమిటో చెప్పాలి. రంజాన్ నెలలో ఉపవాసమున్న పిల్లను ఎండలో డ్రిల్లు చేయించకూడదని తెలియాలంటే అది రంజాన్ నెల అని ముందు తెలిసుండాలి కదా.

ఇల్లు చేయాల్సింది

తల్లిదండ్రులు బడిని ఎంచుకునేటప్పుడు ఫీజు, బస్సు, ఫలితాలు అడుగుతారు. ప్రార్థన గురించి అడగడానికి మొహమాటపడతారు. అడిగితే సీటు ఇవ్వరేమోనన్న జంకు కూడా ఉంటుంది. అడగాలి. గట్టిగా కాదు, మర్యాదగా.

*ఫారం మీద సంతకం పెట్టేముందు*

• ఫారం మొత్తం చదవండి. మతబోధకు, ఆరాధనకు సమ్మతి తెలిపే వాక్యం ఉందేమో చూడండి. అక్కర్లేదనుకుంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వండి.

• చాపెల్, బైబిల్ పీరియడ్, రిట్రీట్‌లకు అందరూ వెళ్లాలా, మోరల్ సైన్స్ విడిగా ఉందా అని అడగండి.

• బొట్టు, కంకణం, తాయెత్తు, హిజాబ్, మాలల విషయంలో నియమం ఏమిటో ముందే తెలుసుకోండి. దీక్ష తీసుకునే ఉద్దేశం ఉంటే మొదటిరోజుకు ముందే వెళ్లి మాట్లాడండి.

• ఇంట్లో పిల్లలతో చెప్పండి: ‘అక్కడ వాళ్ల ప్రార్థన జరుగుతుంది. నచ్చితే పాడు, నచ్చకపోతే మౌనంగా నిలబడు. నవ్వకూడదు, వెక్కిరించకూడదు.’

• బడిలో ఎవరైనా ఇంటి దేవుణ్ని చులకన చేస్తే చెప్పమనండి. చెప్పినప్పుడు వినండి. ముందు ఆ టీచర్‌తో, తర్వాత ప్రిన్సిపల్‌తో మాట్లాడండి. గుంపుతో వెళ్లకండి.

• ఇంట్లోనూ బడి దేవుణ్ని చులకన చేయకండి. పిల్లలకు రెండు చోట్లా మనుషులు కావాలి.

ఆఖరి మాట చాలా ముఖ్యం. బడిలో విగ్రహాల మీద పడ్డ మాట ఎంత తప్పో, ఇంట్లో భోజనాల దగ్గర ‘ఆ కిరస్తానం వాళ్లు’ అని విసిరే మాటా అంతే తప్పు. తనకు లెక్కలు నేర్పుతున్న మనిషిని తండ్రి హేళన చేస్తుంటే విన్న పిల్ల మర్నాడు ఆమె కళ్లలోకి చూడలేదు. నా తరగతిలో క్రైస్తవ పిల్లలు చాలామంది పేద కుటుంబాలవాళ్లు. సగం ఫీజుతో, అంతకన్నా తక్కువతో చదువుకున్నవాళ్లు. ఫీజు కట్టగలిగిన మా ఇళ్ల నుంచి వాళ్లకు గౌరవం దక్కిందా అన్నదీ వేసుకోవాల్సిన ప్రశ్నే. క్రైస్తవ బడిలో మన పిల్లల మనసుకు చోటు కావాలని కోరేవాళ్లం, మన చేతిలో ఉన్న బడుల్లో, కాలనీల్లో, ఆఫీసుల్లో క్రైస్తవ పిల్లలకూ ముస్లిం పిల్లలకూ అంతే చోటు ఇస్తున్నామా? సరస్వతీ పూజ రోజున చేతులు జోడించకుండా నిలబడ్డ పిల్లవాణ్ని మనం ఏ చూపు చూస్తాం? జస్టిస్ చిన్నప్పరెడ్డి ఇచ్చిన తీర్పు ఇటువైపూ వర్తిస్తుంది, అటువైపూ వర్తిస్తుంది.

మతం వేరని తెలిసీ, కన్నబిడ్డను చేయి పట్టుకుని తీసుకెళ్లి ఒక కన్యాస్త్రీ చేతిలో పెట్టడం చిన్న నమ్మకం కాదు. లక్షల తెలుగు కుటుంబాలు తరాలుగా ఆ నమ్మకం ఉంచాయి. ఆ బడులు వాళ్లను చదివించి ప్రయోజకులను చేశాయి. ఈ బంధం నిలవాలి. నిలవాలంటే రేపు అసెంబ్లీలో పెదవులు కదపకుండా నిలబడే పిల్లను చూసి సిస్టర్ కోప్పడకూడదు. ఆ పిల్ల ఇంటికొచ్చి క్యారల్ పాడుతుంటే అమ్మానాన్నలు కంగారుపడకూడదు. తన దగ్గరికి వచ్చిన పరాయి మతపు బిడ్డ మనసును నొప్పించకుండా పెంచి పంపడమే ఏ బడి విశ్వాసానికైనా అన్నిటికన్నా గట్టి సాక్ష్యం.